మాట దారి తప్పకుండా మాట్లాడుకోవడం ఎలా?

(పూర్వ విద్యార్థి, ఎం.ఏ. రాజనీతి శాస్త్రం, ద్వితీయ సంవత్సరం)



వార్షికోత్సవ సంచికకు చదువుకు పనికొచ్చే వ్యాసం ఏదైనా రాసి పంపమని వార్డెన్ సార్ కబురు చేశారు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినవాణ్ణి నేనే మొదటివాణ్ణి. నేనేం చదువుతున్నానో అమ్మకు ఇప్పటికీ సరిగా చెప్పలేకపోతున్నాను. "పదిమంది కూర్చుని పోట్లాడుకోకుండా ఎలా మాట్లాడుకోవాలో, అది చదువుతున్నానమ్మా" అంటే, "దానికీ చదువు కావాలా నాయనా" అని నవ్వుతుంది. కావాలనే నేను అనుకుంటున్నాను. ఎందుకు కావాలో మన హాస్టల్లో జరిగిన సంగతితోనే మొదలుపెడతాను.

అది 2015. నేను ఎనిమిదో తరగతి. హైస్కూలుకు నడిచిపోయే పిల్లల కోసం పాత విద్యార్థులు చందాలు వేసుకుని నాలుగు సైకిళ్లు కొనిచ్చారు. పోయేవాళ్లం పంతొమ్మిది మందిమి. ఎవరు ఎక్కాలి, ఎవరు నడవాలి అని ఆదివారం సాయంత్రం భోజనాల హాల్లో కూర్చున్నాం. పది నిమిషాల్లో సైకిళ్ల సంగతి మరిచిపోయాం. ఆ పొద్దు చారులో నీళ్లెక్కువయ్యాయని ఒకడు, గదిలో సబ్బు ఎవడు తీశాడని ఒకడు, మీ ఊరోళ్లంతా ఇంతేనని ఇంకొకడు. అంత గోలలో మా తరగతి కుర్రాడొకడు, ఎప్పుడూ నోరు విప్పనివాడు, లేచి నిలబడి, "కాలు నొప్పున్నోళ్లకు ముందు ఇద్దాం" అన్నాడు. వాడి ఎడమ పాదంలో ఏదో బాధ ఉండేది. దానికి నేను, "నడవలేనోడికి బడెందుకురా, మీ నాయన బర్రెలు కాయమన్నాడంటగా, పోయి కాయి" అన్నాను. హాలంతా నవ్వింది. వాడు కూర్చున్నాడు. సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయినవాడు మళ్లీ రాలేదు.

ఆ ఒక్క మాటకే రాలేదని నేను చెప్పలేను. ఇంట్లో వాళ్ల ఇబ్బందులు వాళ్లకుండి ఉంటాయి. కానీ ఆ పొద్దు అంతమందిలో సైకిళ్ల గురించి పనికొచ్చే మాట అన్నది వాడొక్కడే. ఆ మాటకు ఎవరూ జవాబు చెప్పలేదు, నా మాటకు నవ్వారు. చారు సంగతి తెచ్చినవాడు చర్చను పక్కదారి పట్టించాడని అందరికీ తెలుస్తుంది. మనిషిని తిట్టినవాడు కూడా పక్కదారే పట్టించాడని తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. మర్యాద వేరు, అంశం వేరు అనుకుంటాం గానీ చాలాసార్లు రెండూ ఒకటే. "కాలు నొప్పున్నవాళ్లకు ముందు ఇవ్వాలా, వద్దా" అన్న ప్రశ్న నుంచి "వాడి నాయన ఏం చేస్తాడు" అన్న దగ్గరికి వెళ్లడం కన్నా పెద్ద పక్కదారి ఏముంటుంది?

మా పాఠ్యాంశాల్లో హెన్రీ మార్టిన్ రాబర్ట్ అనే ఆయన పేరు వస్తుంది. అమెరికా సైన్యంలో ఇంజనీరు. 1863లో న్యూ బెడ్‌ఫర్డ్ అనే ఊళ్లో ఒక చర్చి సమావేశానికి అధ్యక్షత వహించమంటే, ఎలా నడపాలో తెలియక ఇబ్బంది పడ్డాడు. ఆ అవమానంతో సభా నియమాలు చదవడం మొదలుపెట్టి, 1876లో ఒక పుస్తకమే అచ్చు వేయించాడు. ఈనాటికీ అనేక దేశాల్లో సంఘాలు, క్లబ్బులు దాన్ని చూసుకునే సభలు నడుపుకుంటాయి. అందులో పెద్ద విషయాలేమీ లేవు. ఒకసారికి ఒకటే అంశం. అడిగినవారందరికీ ఒకసారి అవకాశం రానిదే ఎవరికీ రెండోసారి లేదు. ప్రతిపాదన మంచిచెడ్డలు మాట్లాడాలి గానీ, ప్రతిపాదించినవాడి మనసులో ఏముందో మాట్లాడకూడదు. ఈ మూడే ఆ ఆదివారం మాకు తెలిసి ఉంటే చాలు.

మన పార్లమెంటులో కూడా ఇవే సూత్రాలు. లోక్‌సభ కార్యవిధాన నియమాల్లో 356వది సరిగ్గా మన విషయమే. అంశానికి సంబంధం లేకుండా మాట్లాడినా, చెప్పిందే చెబుతున్నా, స్పీకర్ ఆ సభ్యుణ్ణి ఆపించవచ్చు. 380వ నియమం ప్రకారం, అవమానకరమైన మాటలను రికార్డుల నుంచి తొలగిస్తారు. (ఇవన్నీ ఉండి కూడా సభలో అంత గోల ఎందుకని మీరు అడుగుతారు. నియమం ఉండటం వేరు, దాన్ని పాటించాలని సభ్యులు అనుకోవడం వేరు. దానికి నా దగ్గర జవాబు లేదు.)

టీవీలో శాసనసభ చూపించినప్పుడు మాటకు ముందొకసారి, వెనకొకసారి "అధ్యక్షా" అంటుంటే మనం నవ్వుకుంటాం. దాని వెనక ఒక ఉపాయం ఉంది. సభ్యుడు ఎదుటి సభ్యుడితో నేరుగా మాట్లాడకూడదు, ఏం చెప్పినా అధ్యక్షుడితోనే చెప్పాలి. "నువ్వు అబద్ధాలకోరువి" అనడం సులువు. "అధ్యక్షా, ఆయన చెప్పిన లెక్క సరికాదని నా అభిప్రాయం" అనేటప్పటికి కోపం సగం దిగిపోతుంది. చూపు ఎదుటివాడి మొహం మీద ఉండదు, వేలు వాడివైపు లేవదు. నమ్మకం లేకపోతే మీ గదిలోనే ఒకసారి చేసి చూడండి.

ఇక అసలు పాఠం. మన హాస్టల్ గోడ మీద పటం ఉన్న బాబాసాహెబ్ అంబేడ్కర్ గారిని మనం జయంతికి, వర్ధంతికి పూలదండతో చూస్తాం. ఆయన చర్చలో ఎలా మాట్లాడేవారో చదివినవాళ్లు తక్కువ. రాజ్యాంగ సభ 1946 డిసెంబరు 9న మొదలైంది. 13న నెహ్రూ గారు లక్ష్యాల తీర్మానం ప్రవేశపెట్టారు. ముస్లిం లీగు సభ్యులు సభకు రాలేదు, సంస్థానాల ప్రతినిధులు ఇంకా లేరు. వాళ్లు వచ్చేదాకా ఈ తీర్మానం ఆపుదామని ఎం.ఆర్. జయకర్ గారు సవరణ తెచ్చారు. సభలో చాలామందికి అది నచ్చలేదు. డిసెంబరు 17న అధ్యక్షులు రాజేంద్రప్రసాద్ గారు అనుకోకుండా అంబేడ్కర్ గారిని పిలిచారు. తనకన్నా ముందు ఇరవై మందికి పైగా ఉన్నారని, తన వంతు రేపు వస్తుందనుకున్నానని చెప్పుకుని ఆయన మొదలుపెట్టారు.

అప్పటికి కాంగ్రెసుకూ ఆయనకూ ఎన్నో ఏళ్ల వైరం. పాత లెక్కలన్నీ తీయడానికి ఆయనకు అంతకన్నా మంచి సమయం దొరకదు. ఆయన తీయలేదు. తీర్మానం తనకు నిరాశ కలిగించిందని, ఆర్థిక, సామాజిక న్యాయం ఎలా తెస్తారో అందులో లేదని సూటిగా చెప్పారు. ఆ తర్వాత జయకర్ గారి సవరణ దగ్గరికి వచ్చి, గందరగోళంగా ఉన్న ప్రశ్నను రెండుగా విడదీశారు. తీర్మానం చేసే హక్కు సభకు ఉందా అన్నది ఒక ప్రశ్న. ఇప్పుడు చేయడం వివేకమేనా అన్నది ఇంకొక ప్రశ్న. హక్కు గురించి నేను మాట్లాడటం లేదు, వివేకం గురించే మాట్లాడుతున్నాను అన్నారు. అధికారం ఒకటి, వివేకం ఇంకొకటి అన్నది ఆయన వాదన సారాంశం. చివరికి సభ ఆ అంశాన్ని జనవరికి వాయిదా వేసింది. తీర్మానం 1947 జనవరి 22న ఆమోదం పొందింది. ఎనిమిది నెలలు తిరక్కుండానే ఆయన ముసాయిదా సంఘానికి అధ్యక్షులయ్యారు.

రాజ్యాంగం ముసాయిదాకు 7,635 సవరణలు వచ్చాయి. అందులో 2,473 సభలో చర్చకు వచ్చాయి. 1949 నవంబరు 25న చివరి ప్రసంగంలో అంబేడ్కర్ గారు తన సంఘంలోని వాళ్లకు, అధికారులకు కృతజ్ఞతలు చెప్పి ఊరుకోలేదు. అడుగడుగునా తనను ప్రశ్నించిన కామత్, కె.టి. షా, కుంజ్రూ వంటి సభ్యుల పేర్లు చదివి, వాళ్లు లేకపోతే చర్చ చప్పగా ఉండేదని, వాళ్లకు రుణపడి ఉన్నానని చెప్పారు. తమ్ముళ్లూ, మర్యాదగా మాట్లాడటమంటే తలాడించడమని అనుకోకండి. హాస్టల్లో సీనియర్లు "మర్యాదగా ఉండు" అంటే చాలాసార్లు "నోరు మూసుకో" అనే అర్థం. నేను చెప్పే మర్యాద అది కాదు.

ప్రశ్నను విడదీయడం సైకిళ్ల విషయంలోనే చూద్దాం. సైకిలు తొక్కేవాళ్లు నలుగురు చేరితే హెల్మెట్ మాట రాక మానదు. హెల్మెట్ తలను కాపాడుతుందా అన్నది ఒక ప్రశ్న. చట్టం పెట్టి అందరి చేతా పెట్టించాలా అన్నది వేరే ప్రశ్న. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 1990లో సైకిలుకూ హెల్మెట్ తప్పనిసరి చేసింది. జనం ఎక్కువగా సైకిళ్ల మీదే తిరిగే నెదర్లాండ్స్‌లో పెద్దవాళ్లకు అలాంటి చట్టం లేదు. మన దేశంలో మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ మోటారు సైకిళ్లకే గానీ మామూలు సైకిలుకు కాదు. ఇప్పుడు ఒకడు మొదటి ప్రశ్నకు జవాబు చెబుతుంటాడు, ఇంకొకడు రెండోదానికి. ఇద్దరూ అరుచుకుంటారు, ఇద్దరి మాటా నిజమే అయి ఉండవచ్చు. అప్పుడు ఎవరో ఒకరు లేచి, "మనం ఏ ప్రశ్న మాట్లాడుతున్నాం?" అని అడగాలి. బోర్డు మీద సుద్దముక్కతో ఆ ప్రశ్న ఒక్క వాక్యంలో రాసి ఉంటే ఇంకా మంచిది.

కొన్ని ప్రశ్నలు చర్చకు పనికిరావు, కొలతకే పనికొస్తాయి. బడి మూడు కిలోమీటర్లా, ఐదా అని మేము అరగంట అరుచుకున్నాం. పెద్ద సైకిలు చక్రం అడ్డంగా 28 అంగుళాలు. ఒక చుట్టు తిరిగితే సుమారు రెండుంపావు మీటర్లు. చువ్వకు గుడ్డపేలిక కట్టి, నడిపించుకుంటూ పోయి చుట్లు లెక్కపెడితే, దాదాపు 450 చుట్లకు ఒక కిలోమీటరు. (షాపులో 22 సైజు, 24 సైజు అనేది చక్రం కాదు, ఫ్రేము. దీని మీద కూడా మా హాస్టల్లో ఒక గొడవ అయింది.) అరగంట గొంతు పోగొట్టుకునే బదులు ఇద్దరిని పంపితే తేలిపోయేది.

ఇంకొన్ని ప్రశ్నలకు మనం కొలవలేకపోయినా ఎవరో కొలిచి ఉంటారు. "ఆడపిల్లలకు సైకిళ్లిస్తే ఊరు తిరుగుతారు గానీ చదువుతారా" అని మా ఊరి రచ్చబండ మీద ఒక పెద్దాయన అనేవాడు. ఆయన్ని ఎగతాళి చేయడం తేలిక, నేనూ చేశాను. బీహారు ప్రభుత్వం 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిషీత్ ప్రకాశ్ ఆ పథకాన్ని పక్కనున్న జార్ఖండ్‌తో, మగపిల్లల చదువుతో పోల్చి చూశారు. సరైన వయసులో హైస్కూలులో చేరే ఆడపిల్లలు 32 శాతం పెరిగారని, మగపిల్లలతో ఉన్న తేడా 40 శాతం తగ్గిందని తేల్చారు. ఈ సంగతి చదివాక పోయినేడాది పండక్కి ఆ పెద్దాయనకు "తాతా" అని పిలిచి చెప్పాను. ఒప్పుకోలేదు. కానీ "ఆ లెక్క ఎట్లా తీశారు?" అని అడిగాడు. గంటసేపు మాట్లాడుకున్నాం. ఎగతాళి చేసిన రోజున ఆయన ఏమీ అడగలేదు.

సభ నడిపేవాడి గురించి రెండు మాటలు. గొంతు పెద్దదని ఎవరినీ అధ్యక్షుణ్ణి చేయకండి. ఆ అంశంలో తనకు లాభనష్టం లేనివాణ్ణి కూర్చోబెట్టండి. సైకిళ్ల గురించి అయితే హాస్టల్ పక్క బడిలోనే చదివే ఆరో తరగతివాడైనా సరే. ముందు చిన్నవాళ్లను మాట్లాడనివ్వాలి. సైనిక న్యాయస్థానాల్లో కూడా హోదాలో చిన్నవాడి అభిప్రాయమే ముందు అడుగుతారు. పెద్దవాడు చెప్పేశాక చిన్నవాడు వేరే మాట చెప్పలేడు కనుక. అంశానికి సంబంధించని మంచి మాట వస్తే కొట్టిపారేయకుండా పుస్తకం చివరి పేజీలో రాసి, వచ్చే ఆదివారానికి పెట్టాలి. చారులో నీళ్లు నిజమైన సమస్యే. దాని రోజు దానికి రావాలి. ఎవరైనా మనిషిని అంటే, అధ్యక్షుడు వెంటనే ఆపి, ఆ మాట వెనక్కు తీసుకోమనాలి. అంతకన్నా ముఖ్యంగా, అవమానపడ్డవాడు అంతకుముందు ఏం అన్నాడో అది మళ్లీ చదివి, "దీనికి జవాబు చెప్పండి" అనాలి. మా సభలో ఆ పని చేసేవాడు లేకపోయాడు.

మొన్న ఈ వ్యాసం పని మీద హాస్టల్‌కు వచ్చి, మీ ఆదివారం సభలో కూర్చున్నాను. ఇప్పుడున్న సైకిళ్లకు సర్కారు తుమ్మ ముళ్లతో రోజూ పంక్చర్లే. ఆ ఖర్చు తొక్కినవాడు పెట్టాలా, అందరూ పంచుకోవాలా అన్నది బోర్డు మీద రాసిన ప్రశ్న. సార్ అడిగితే నాలుగు మాటలు చెప్పడానికి లేచాను. ఏడో తరగతి తమ్ముడొకడు, "అన్నా, సభ నడిపేవాడే దారి తప్పితే ఏం చేయాలి?" అన్నాడు. దానికి పాయింట్ ఆఫ్ ఆర్డర్ అని ఉంది, ఎవరైనా చెయ్యెత్తి లేవనెత్తవచ్చు, అధ్యక్షుడు మిగతావన్నీ ఆపి ముందు దాని సంగతి తేల్చాలి అని చెప్పి, ఆ ఊపులో రాబర్ట్ గారి దగ్గర నుంచి రాజ్యాంగ సభ దాకా వెళ్లిపోయాను. కాసేపటికి ఆ తమ్ముడే మళ్లీ చెయ్యెత్తాడు.

"అధ్యక్షా, పాయింట్ ఆఫ్ ఆర్డర్. అన్న పంక్చర్ల గురించి చెప్పట్లేదు."

అధ్యక్షుడు నన్ను కూర్చోమన్నాడు.