సంగటికి తోడు పప్పు, గుడ్డు ఉండాలి

ప్రశ్న: మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. మా నాయనకు 72 ఏండ్లు, బరువు 50 కిలోలు. చెయ్యి ఆనించనిదే మంచం మీద నుంచి లేవలేడు. పూటకింత సంగటి, చారుతో సరిపెట్టుకుంటాడు. ఏం పెట్టాలి?

జవాబు: వయసుతోపాటు కండ తగ్గుతుంది. మాంసకృత్తులు చాలకపోతే ఇంకా త్వరగా తగ్గుతుంది. పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల మాంసకృత్తులు కావాలి. మీ నాయనకు 50-60 గ్రాములు. చారు బదులు గట్టి పప్పు, శెనక్కాయల ఊరుబిండి, పెరుగు, గుడ్డు పెట్టండి. గుడ్డుకు సుమారు 6 గ్రాములు వస్తాయి.

మీరు పక్కనుండి, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోమనండి. 12 సెకన్లు, ఆపైన పడితే కాళ్లలో సత్తువ తగ్గినట్టే. రోజూ అదే వ్యాయామం చేయించండి. కిడ్నీ జబ్బున్నా, బరువు తగ్గిపోతున్నా ముందు ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రిలో చూపించండి.