మన ఒంట్లో నెత్తురు

చేతికి ముల్లు గుచ్చుకుంటే నెత్తురు వస్తుంది. కాలికి గుచ్చుకున్నా వస్తుంది. గోళ్ళు, జుట్టు కత్తిరిస్తే మాత్రం రాదు. వాటిలో నెత్తురు ఉండదు.

నెత్తురునే రక్తం అంటారు. పెద్దవారి ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది.

గుండె పని

రక్తాన్ని ఒళ్ళంతా తిప్పేది గుండె. ఎవరి గుండె వారి పిడికిలంత ఉంటుంది. అది బోరింగు లాంటిది. బోరింగు కొడితే నీళ్ళు వస్తాయి. గుండె కొట్టుకుంటే రక్తం గొట్టాల్లోకి పోతుంది. ఈ గొట్టాలే రక్తనాళాలు. గుండె నిమిషానికి సుమారు 72 సార్లు కొట్టుకుంటుంది. మనం నిద్రపోయినా అది ఆగదు.

ఎర్ర కణాలు

మనం పీల్చే గాలిలో ప్రాణవాయువు ఉంది. అది ఊపిరితిత్తుల్లో రక్తంలో కలుస్తుంది. రక్తంలో ఎర్ర కణాలు ఉంటాయి. అవి కంటికి కనిపించవు. ప్రాణవాయువును ఒళ్ళంతా మోసే కూలీలు అవే. ఒక్కో కణం సుమారు 120 రోజులు బతుకుతుంది. కొత్త కణాలు ఎముకల మూలుగలో పుడతాయి. అవి పుట్టడానికి ఇనుము కావాలి. ఇనుము మనం తినే తిండిలోంచి రావాలి.

రక్తం తక్కువైతే

కూలీలు తగ్గితే మోత తగ్గుతుంది. ఇనుము చాలకపోతే రక్తానికి ప్రాణవాయువును మోసే సత్తువ తగ్గుతుంది. దీన్నే రక్తహీనత అంటారు. అప్పుడు ఆయాసం వస్తుంది. కళ్ళు తిరుగుతాయి. కనురెప్పల లోపల, నాలుక, గోళ్ళు పాలిపోతాయి.

2019-21లో దేశమంతా కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని తేలింది. ఎందుకని? నెలనెలా రక్తం పోతుంది. కాన్పులో పోతుంది. పైగా చాలా ఇళ్ళలో ఆడవాళ్ళు ఆఖరున తింటారు. కూర అయిపోతే పచ్చడి మెతుకులతో సరిపెట్టుకుంటారు. నాట్లు వేస్తూ అలసి గట్టు మీద కూర్చుంటే "బద్ధకం" అంటారు. అది బద్ధకం కాకపోవచ్చు. రక్తం తక్కువై ఉండవచ్చు.

నర్సమ్మ మాట

"నర్సమ్మా, నాకు ఐదో నెల. ఈ మాత్రలు మింగితే బిడ్డ నల్లగా పుడతాడని మా అత్త అంటోంది" అన్నది ఒక గర్భిణి.

"బిడ్డ రంగు అమ్మానాన్నల నుంచి వస్తుందమ్మా, మాత్ర నుంచి కాదు. దొడ్డికి నల్లగా అవుతుంది. దానికి భయపడకు. కాన్పులో రక్తం పోతే తట్టుకోవాలి గదా! రక్తం తక్కువున్న తల్లికి ప్రాణం మీదికి వస్తుంది."

"మింగితే కడుపులో తిప్పుతోందమ్మా."

"రాత్రి అన్నం తిన్నాక మింగు. టీతో మాత్రం వద్దు. మానెయ్యకు. మీ అత్తను కూడా తీసుకురా, నేను చెబుతాను."

గుర్తుంచుకోండి

- తోటకూర, మునగాకు, రాగులు, పప్పులు, మాంసం తినాలి. నిమ్మకాయ, ఉసిరి, జామ తింటే ఇనుము ఒంటికి బాగా పడుతుంది.
- అన్నం తినగానే టీ తాగవద్దు. టీ ఇనుమును ఒంటికి పట్టనీయదు.
- ఆరుబయట దొడ్డికి పోవద్దు. చెప్పులు వేసుకోవాలి. కొంకిపురుగులు పాదాల గుండా ఒంట్లోకి పోతాయి. పేగుల్లో చేరి రక్తం తాగుతాయి.
- గర్భిణులు నాలుగో నెల నుంచి రోజుకొక ఇనుము మాత్ర మింగాలి. 180 రోజులు మానకూడదు.
- ఆసుపత్రిలో రక్తపరీక్ష చేయించుకోవాలి. హిమోగ్లోబిన్ గర్భిణికి 11, మిగతా ఆడవాళ్ళకు 12, మగవాళ్ళకు 13 గ్రాములకు తగ్గకూడదు.
- ఇంట్లో అందరూ కలిసి తినాలి. ఉన్న కూర అందరూ పంచుకోవాలి.

చేసి చూడండి

బొటనవేలి వైపు మణికట్టు మీద రెండు వేళ్ళు ఆనించండి. నాడి తెలుస్తుంది. నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో లెక్కపెట్టి రాయండి.

జవాబులు రాయండి

1. ప్రాణవాయువును మోసేవి ఏవి?
2. ఆడవాళ్ళలో రక్తహీనత ఎందుకు ఎక్కువ?
3. మీ ఇంట్లో ఆఖరున తినేది ఎవరు?