దశక గణకము

మానవుడు చేతివ్రేళ్లను ఆధారముగా గొని పదులతో లెక్కింప నేర్చెను. విద్యుద్యంత్రమునకు వ్రేళ్లు లేవు. దీపమువలె వెలుగుట, ఆరుట అను రెండు స్థితులే దానికి తెలియును.

‘7490’ అను చిప్పులో ఫ్లిప్‌ఫ్లాపులనబడు నాలుగు గడులు కలవు. వాని విలువలు 1, 2, 4, 8. ఒక్కొక్క విద్యుత్స్పందనమునకు ఒకటి గడి మారును. అది ఆరినప్పుడెల్ల తక్కినవానిలో మార్పు కలుగును. నాలుగు గడియు ఒకటి గడియు వెలిగియున్నచో లెక్క 5 అని అర్థము.

అడ్డు లేనిచో ఈ గడులు 15 వరకు లెక్కించును. కాని అంకెలలో 9కి మించినది లేదు గదా! ఇచ్చట నిర్మాతలు పన్నిన ఉపాయము మెచ్చదగినది. ఎనిమిది గడి తాను వెలిగియున్నంతసేపు రెండు గడిని వెలుగనీయదు. తొమ్మిదిలో ఎనిమిది, ఒకటి గడులు వెలుగుచుండును. పదవ స్పందనమునకు ఒకటి గడి ఆరును. రెండు గడి వెలుగవలసియు వెలుగజాలదు. ఆ క్షణముననే ఎనిమిది గడియు ఆరును. మిగిలినది సున్న. ఎనిమిది గడి ఆరుటయే పదుల స్థానమందలి మరియొక చిప్పునకు స్పందనమగును. వ్రేళ్లు పూర్తికాగానే గోడపై ఒక గీత గీచినట్లే.

ఒకటి గడిని విడిచి తక్కిన మూడింటినే వాడినచో ఈ చిప్పు 5తో భాగించును. భారతదేశమున ఇండ్లకు వచ్చు విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తనములు చేయును. దానిని ఒక చిప్పు 5తోను, వేరొకటి 10తోను భాగింపగా సెకనుకొక స్పందనము లభించును. గడియారము నడుచుటకు అది చాలును.