చెవికి దూరమునుండి వచ్చు వ్యాధి

శరీరశాస్త్రపాఠమునందు చెవినిగూర్చి బోధించుచుండఁగా నొక విద్యార్థి, “అయ్యా, రొమ్మునఁ బుట్టిన రాచపుండు చెవిలోనికెట్లు వచ్చును?” అని మమ్మడిగెను. తలిదండ్రులును దెలిసికొనఁదగిన ప్రశ్న గావున దానికి సమాధాన మిచ్చట వ్రాయుచున్నాము.

రాచపుండు, అనఁగా కాన్సరు, శరీరమునం దొకచోట జీవకణములు కట్టుదప్పి పెరుగుటవలనఁ గలుగును. వానిలోఁ గొన్ని పుట్టినచోటు విడిచి, రక్తమునఁ బడి, దూరపు టవయవములకుఁ జేరును. చేరినవన్నియు మొలకెత్తవు. 1889వ సంవత్సరమున స్టీఫెన్ పేజెట్ అను నాంగ్లేయ శస్త్రవైద్యుఁడు, రొమ్ము కాన్సరుచే మృతినొందిన 735 మంది స్త్రీల వృత్తాంతములఁ బరిశీలించి, వ్యాధి కాలేయమున మిక్కుటముగను, ప్లీహమున మిగుల నరుదుగను వ్యాపించుట కనిపెట్టెను. విత్తనములు నలుదిక్కులఁ బడినను దగిన నేలయందే మొలచునని యాయన తలంచెను.

చెవి యట్టి నేలయగునా? లోపలిచెవి కణత యెముకలో నిమిడియున్నది. ఆ భాగము రాతివలె గట్టిది. అయినను దాని కొనయందుఁ గొందఱికి మూలుగ యుండును. అచ్చట రక్తప్రవాహము మందము గాన, దారితప్పిన కణములు నిలుచుటకు వీలుకలుగునని వైద్యులు చెప్పుదురు. రొమ్ము, ఊపిరితిత్తులు, మూత్రపిండములు, ప్రోస్టేటు గ్రంథి మొదలగువానిఁ బుట్టిన కాన్సరు అరుదుగా నిచ్చటికి వచ్చును.

అరుదగుటయే యిందలి యపాయము. చెవిపోటు, చెవి కారుట, వినికిడి తగ్గుట, తల తిరుగుట సామాన్యమైన చెవివ్యాధులయందును గలవు. కావున నింటివారు చుక్కలమందు వేసి యూరకుందురు. ముఖమును గదలించు నాడియు నీ యెముకగుండనే పోవును. అది చెడినచో మూతి వంకరపోవును, కన్ను సరిగా మూతపడదు.

బాలబాలికలారా, చెవిపోటెల్లఁ గాన్సరని భయపడవలదు. కాని పూర్వము కాన్సరునకుఁ జికిత్సపొందిన పెద్దలు మీ యింట నుండి, వారి కొక చెవి వినికిడి తగ్గినను, మూతి వంకరపోయినను, ఆ పాత వ్యాధి సంగతి చెవివైద్యునికిఁ దప్పక చెప్పుఁడు. రొమ్మునకును చెవికిని సంబంధమేమని తలంచి పలువురు చెప్పక విడుతురు. ఆ యొక్కమాట విన్న వైద్యుఁడు సి.టి., ఎం.ఆర్.ఐ. చిత్రములు తీయించి చూడఁగలఁడు. కిరణచికిత్సచేతను మందులచేతను వ్యాధి నంతయుఁ బోఁగొట్టుట యన్నివేళల సాధ్యము గాకున్నను, బాధ తగ్గించుట తఱచుగా సాధ్యము. తగిన సమయమునఁ జెప్పిన యొక్కమాటయు రోగికి మేలుచేయును.