నీట్ అడగని ప్రశ్న

ఖలీల్‌వాడి,
నిజామాబాద్.

చి. మేనకోడలికి,


నువ్వు పంపిన పొడుగాటి మెసేజ్ చదివాను. మీ అమ్మ ఫోన్‌లో చెప్పిందీ విన్నాను. రెండూ కలిపి చూస్తే తగాదా చిన్నదే. నీట్ అయ్యేదాకా బేస్‌బాల్ గ్లవ్ అటక మీద ఉండాలని ఆమె. చిన్న క్లాసుల నుంచి చేతికి ఉన్నదాన్ని ఎట్ల తీసేస్తానని నువ్వు. నన్ను పెద్దమనిషిగా కూర్చోబెట్టారు కాబట్టి తీర్పు ముందే చెప్తున్నా: గ్లవ్ కిందనే ఉంటుంది. వారానికి రెండు సాయంత్రాలు గ్రౌండ్‌కు పోతావు, పోయినప్పుడల్లా గంటన్నర. గ్రాండ్ టెస్ట్ ఉన్న వారం ఒక్క సాయంత్రమే. పరీక్ష అయ్యేదాకా టోర్నమెంట్లు లేవు. ఎస్‌జీఎఫ్ వాళ్ల రాష్ట్ర స్థాయి బడి పోటీలు నువ్వు లేకుండా జరిగిపోతే అలగకూడదు. మీ అమ్మ ఒప్పుకుంది, సంతోషంగా మాత్రం కాదు.

ఇంత చిన్న సంగతికి ఉత్తరం ఎందుకంటావా? నీ మెసేజ్ చివర్లో ఒక మాట ఉంది. "నేను స్పోర్ట్స్ డాక్టరయి టామీ జాన్ సర్జరీలు చేస్తా మామా" అన్నావు. దానికోసం రాస్తున్నా.

నీట్‌లో 180 ప్రశ్నలుంటాయి, 720 మార్కులు. అందులో 90 ప్రశ్నలు బయాలజీవే. డాక్టర్ ఎందుకు కావాలనుకుంటున్నావన్నది ఆ 180లో లేదు. అమెరికాలో మెడికల్ కాలేజీకి అప్లై చేసేవాళ్లు ఆ ముక్కను వ్యాసంగా రాయాలి, ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చొని చెప్పాలి. ఆ వ్యాసాల్లో కోతలు ఎన్నుంటాయో ఊహించగలను, అయినా ఒకసారి కూర్చొని ఆలోచించుకోవడమైతే తప్పదు. మన దగ్గర ర్యాంకు వస్తుంది, వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం కౌన్సెలింగ్ పెడుతుంది, సీటు చేతికొస్తుంది. ఎవరూ ఏమీ అడగరు. ఆ ప్రశ్న మొదటిసారి ఎదురయ్యేది హౌస్ సర్జన్సీలో, అర్ధరాత్రి క్యాజువాలిటీలో, నిద్రలేక కాళ్లు పీకుతున్నప్పుడు. అప్పుడు వెతుక్కుంటే జవాబు దొరకదు. అందుకే ఇప్పుడే అడుగుతున్నా. నీ జవాబు టామీ జాన్ సర్జరీ అయితే, ఆ కథ మొత్తం తెలుసుకొని చెప్పు.

1974 జులైలో లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్ బేస్‌బాల్ జట్టులో బంతి విసిరే ఎడమచేతి పిచర్ టామీ జాన్‌కు ఆట మధ్యలో మోచేతి లోపలివైపు లిగమెంట్ దెబ్బతింది. ఆ రోజుల్లో అది పోయిందంటే పిచర్ బట్టలు సర్దుకోవడమే. సెప్టెంబర్ 25న డాక్టర్ ఫ్రాంక్ జోబ్ అతని కుడి ముంజేతిలోని టెండన్ తీసి, ఎడమ మోచేతి ఎముకలకు రంధ్రాలు పెట్టి, వాటిలోంచి ఎక్కించి కట్టాడు. మళ్లీ ఆడే అవకాశం నూటికి ఒక వంతేనని ముందే చెప్పాడు. 1975 అంతా జాన్ ఆడలేదు. 1976లో తిరిగొచ్చి 1989 దాకా, నలభై ఆరేళ్ల వయసు దాకా విసిరాడు. ఆపరేషన్ తర్వాత గెలిచిన ఆటలే 164. ఇంతవరకు నీకు తెలుసు, నాకంటే ఎక్కువే తెలుసు.

కానీ ఆ టెండన్ విద్య జోబ్‌కు బేస్‌బాల్ నేర్పలేదు. పోలియోతో చేతులు చచ్చుబడ్డ వాళ్లకు టెండన్లు మార్చి కట్టే ఆపరేషన్లు అప్పటికే ఉన్నాయి. ఆ విద్యను తెచ్చి మోచేతికి పెట్టాడు. అసలు అతను డాక్టర్ కావాలనుకున్నది రెండో ప్రపంచ యుద్ధంలో. సైన్యంలో మందుల సరఫరా చూసే సార్జెంటుగా ఉంటూ, గాయపడ్డవాళ్ల మధ్య సర్జన్లు పనిచేయడం చూశాడు. లోకమంతా ఎరిగిన ఆ మోచేతికి దారి పోలియో వార్డు మీదుగా పోయింది, బిడ్డా. ఆ వార్డును ఎవరూ వీడియో తియ్యరు.

ఇప్పుడు మన జిల్లా సంగతి చూడు. ఇక్కడ పిచర్లు ఎంతమంది ఉంటారు? వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అందులో నువ్వొకదానివి. బీడీలు చుట్టే ఆడవాళ్లు మాత్రం వాడవాడకూ ఉన్నారు. ఒళ్లో చాట, చేతిలో తునికాకు, వంచిన మెడ, వెయ్యి బీడీలకు ఇంతని కూలి. మెడ పట్టేస్తుంది, భుజం లేవదు, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. ఎడపల్లి, బోధన్ వైపు ఇంకా చెరుకు వేస్తున్న ఊళ్లకు నరికే కాలంలో పోయి చూడు, పొద్దంతా కత్తి ఆడించిన చెయ్యి రాత్రికి కంచంలో ముద్ద కలపడానికి వంగదు. వీళ్లలో ఎవరినైనా "ఎప్పటి నుంచి నొప్పి?" అని అడుగు, "ఎప్పటి నుంచో సారూ" అంటారు. లిగమెంట్ పేరు వాళ్లకు అక్కర్లేదు. రేపు పనికి పోవచ్చా లేదా, అంతే. ఆలోచించు, పిచర్ డాక్టర్‌ను అడిగేదీ అదే. నీకు నిజంగా మోచెయ్యి మీదనే ప్రేముంటే ఈ మోచేతులు కూడా అందులోకి రావాలి. పేరున్న ఆటగాళ్ల చేతులు మాత్రమే కావాలంటే నువ్వు కోరుకునేది వైద్యం కాదు, డ్రెస్సింగ్ రూమ్‌లోకి పాసు. కటువుగా ఉందా? నేను చెప్పకపోతే ఎవరూ చెప్పరు.

మూన్‌లైట్ గ్రాహమ్ పేరు విన్నావా? "ఫీల్డ్ ఆఫ్ డ్రీమ్స్" అని 1989లో వచ్చిన సినిమాలో ముసలి డాక్టర్ ఒకాయన ఉంటాడు, అతను కల్పన కాదు. అసలు పేరు ఆర్చిబాల్డ్ గ్రాహమ్. ఒకపక్క మెడిసిన్ చదువుతూనే బేస్‌బాల్ ఆడాడు. 1905 జూన్ 29న న్యూయార్క్ జెయింట్స్ తరఫున ఆట చివర్లో రైట్ ఫీల్డ్‌లోకి పంపారు. బ్యాటింగ్ వంతు రాకముందే ఆట అయిపోయింది. మేజర్ లీగ్‌లో అతని జీవితం మొత్తం అంతే. తర్వాత మిన్నెసోటాలో చిజమ్ అనే ఇనుప గనుల ఊరికి పోయి అక్కడే స్థిరపడ్డాడు. దశాబ్దాలపాటు బడిపిల్లల డాక్టర్. ఏళ్ల తరబడి ఆ పిల్లల రక్తపోటు కొలిచి రాసిపెట్టుకున్నాడు. పిల్లలకు బీపీ చూడటమేంటని అనుకునే కాలమది. ఆ లెక్కలతో 1945లో వైద్య పత్రికలో వ్యాసం వచ్చింది. పెద్ద నగరంలో, పెద్ద ఆస్పత్రిలో ఉంటే ఒకే ఊరి పిల్లలను అన్నేళ్లు వరసగా చూసే వీలు ఉండేది కాదు.

చిజమ్ గురించి చదువుతుంటే నాకు బోధన్‌లోని మన శక్కర్‌నగర్ గుర్తొచ్చింది. అది గని మీద బతికిన ఊరు, ఇది నిజాం షుగర్ ఫ్యాక్టరీ మీద బతికిన ఊరు. 1937లో మొదలైన ఫ్యాక్టరీ, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకొనేవాళ్లం. మీ తాత అందులోనే పనిచేశాడు, నేనూ మీ అమ్మా ఆ క్వార్టర్లలోనే పెరిగాం. సైరన్ మోతను బట్టి ఇళ్లలో పొయ్యి వెలిగించేవాళ్లు. 2015 డిసెంబర్‌లో మూతపడింది. కార్మికులు చెల్లాచెదురయ్యారు, రైతులు కొందరు వరిలోకి మారారు, చెరుకు వదలనివాళ్లు కామారెడ్డి వైపు ప్రైవేటు ఫ్యాక్టరీలకు తోలుకుంటున్నారు. అలాంటి ఊళ్లో ఉద్యోగం పోయిన మనిషికి షుగరు, బీపీ ఏమవుతాయి? మందులు ఎప్పుడు మానేస్తాడు, ఎందుకు మానేస్తాడు? ఈ ప్రశ్నల వెంట పడే డాక్టర్‌కు బోధన్‌లో ఒక జీవితానికి సరిపడా పనుంది. నువ్వు అదే చెయ్యాలని కాదు. ర్యాంకు ప్రకారం నిజామాబాద్ ప్రభుత్వ మెడికల్ కాలేజీలో సీటొస్తే మూతి ముడుచుకోవద్దని అంటున్నా. 2013లో మనకు ఆ కాలేజీ వచ్చింది. మా కాలంలో ఉస్మానియానో గాంధీనో, లేకపోతే వరంగల్ కాకతీయనో.

ఆటా చదువూ రెండూ పూర్తిగా చేసినవాళ్లు లేరా అని అడుగుతావు. ఉన్నారు. బాబీ బ్రౌన్ న్యూయార్క్ యాంకీస్‌కు థర్డ్ బేస్‌లో ఆడుతూనే టులేన్ విశ్వవిద్యాలయంలో మెడిసిన్ చదివి 1950లో పట్టా తీసుకున్నాడు. నాలుగు వరల్డ్ సిరీస్‌లు గెలిచిన జట్టులో ఉన్నాడు. అతని రూమ్‌మేట్ యోగి బెర్రా గురించి ఒక ముచ్చట చెప్పుకుంటారు. ఒక రాత్రి బ్రౌన్ పాథాలజీ పుస్తకం, బెర్రా బొమ్మల కథల పుస్తకం పట్టుకొని కూర్చున్నారట. తనది అయిపోగానే బెర్రా "నాది బాగానే ముగిసింది, నీ దాంట్లో చివరికి ఏమైంది?" అన్నాడట. నవ్వుకున్నావా? ఇక ఇది విను. 1954లో, ఇంకా ముప్పై నిండకుండానే, సీజన్ మధ్యలో బ్రౌన్ ఆట ఆపేశాడు. రెసిడెన్సీ మొదలయ్యే రోజు వచ్చింది, పోయాడు. ఆ తర్వాత టెక్సాస్‌లో గుండె డాక్టర్‌గా బతికాడు. రెండూ చేసినవాడని అందరూ అతన్ని చూపిస్తారు. ఒకటి ఎప్పుడు ఆపాలో తెలిసినవాడని నేను చూపిస్తా.

మన తెలుగువాళ్లలో వీవీఎస్ లక్ష్మణ్ ఉన్నాడు. తల్లిదండ్రులిద్దరూ విజయవాడ డాక్టర్లు, అతను మెడిసిన్ పక్కనపెట్టి క్రికెట్ వైపు పోయాడు. మీ అమ్మ ముందు మాత్రం ఈ పేరు ఎత్తకు. క్రికెట్‌కు ఉన్న తిండి బేస్‌బాల్‌కు ఈ దేశంలో లేదు, ఆ లెక్క నీకూ తెలుసు. బేస్‌బాల్ అంటే "అదేంది, బ్యాటు గుండ్రంగ ఉంటదే అదా?" అని మీ నాన్న ఇప్పటికీ అడుగుతాడు.

బాక్సర్ నిఖత్ జరీన్ సంగతి వేరే. మన నిజామాబాద్ అమ్మాయే, 2022లో ఒకసారి, 2023లో ఇంకోసారి ప్రపంచ చాంపియన్. 2017లో భుజం దెబ్బతిని, ఆపరేషన్ అయి, చాన్నాళ్లు రింగుకు దూరమైంది. అందరూ ఆమె పంచ్‌ల గురించి మాట్లాడతారు. ఆ దూరమైన రోజుల గురించి ఆలోచించు. భుజం అతుకుతుందో లేదో తెలియని ఆటగత్తెకు రోజూ ఏ వ్యాయామం చెయ్యాలి, ఎక్కడ ఆపాలి, ఎంత నొప్పి మామూలు, ఎంత నొప్పి ప్రమాదం అని పక్కనుండి చెప్పేవాళ్లు కావాలి. అది కత్తి పట్టే పని కాదు, ఓపిక పని. నువ్వు చెప్పే స్పోర్ట్స్ మెడిసిన్‌లో ఎక్కువ భాగం అదే.

అక్కడికి చేరడానికి ఎంత పడుతుందో లెక్క రాసుకో. ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు, ఇంటర్న్‌షిప్ ఏడాది, పీజీ మూడేళ్లు. ఏ పరీక్షా తప్పకుండా, ఏ ఏడాదీ పోకుండా నడిచినా నీకు ఇరవై ఆరేళ్లు దాటుతాయి. మధ్యలో పిల్లల వార్డులోనో, మత్తు డాక్టర్ పక్కన నిలబడో నీ మనసు మారిపోవచ్చు. మారితే మారనీ. బేస్‌బాల్‌కు ద్రోహం చేశానని అనుకోకు. మెడికల్ కాలేజీలో చేరాక విశ్వవిద్యాలయ జట్టుకు ఆడే అవకాశం వస్తే ఆడు, ఆ వయసులో చెయ్యి బాగా లేస్తుంది. ఇంటర్న్‌షిప్ మొదలయ్యాక నీ వేళలు నీ చేతిలో ఉండవు, అప్పటికి ఆట ఆదివారానికి కుదించుకుపోతుంది. స్పోర్ట్స్ కోటా మీద ఆశ పెట్టుకొని ఫిజిక్స్ తగ్గించకు. సర్టిఫికెట్లు ఫైల్‌లో భద్రంగా ఉంచు, సీటు మాత్రం మార్కులతో వస్తుందనుకొని చదువు.

చివరగా, నువ్వు మెసేజ్‌లో ఊరికే అన్నట్టు దాటేసిన ముక్క ఒకటుంది. బంతి విసిరాక మోచేతి లోపలివైపు సలుపుతోందన్నావు. నీ ఫోన్ తెర మీద పెట్టుకున్న కుమార్ రాకర్‌కూ అక్కడే అయింది. తల్లి లలిత భారతీయ సంతతి కాబట్టి మనవాడని నువ్వు మురిసిపోయే ఆ కుర్రాడికి 2023లో ఇదే టామీ జాన్ ఆపరేషన్ చేశారు. 2024 సెప్టెంబర్‌లో గానీ టెక్సాస్ రేంజర్స్ తరఫున మేజర్ లీగ్‌లో మొదటి ఆట ఆడలేదు. అమెరికాలో పదిహేడు పద్దెనిమిదేళ్ల పిచర్లకు రోజుకు 105 బంతులే హద్దని సూచన ఉంది, ఎంత ఎక్కువ విసిరితే అంత ఎక్కువ రోజుల విశ్రాంతి. మీ గ్రౌండ్‌లో ఉన్న ఒక్క పిచర్‌తో మూడు జట్లకు ప్రాక్టీస్ ఇప్పిస్తారని నాకు తెలుసు. పీఈటీ సార్‌కు నేను చెప్పానని చెప్పు: నేను చూసేదాకా నువ్వు పిచింగ్ చెయ్యవు. పరుగెత్తు, నేల మీద దొర్లుకొచ్చే బంతులు ఆపు, బ్యాటింగ్ చెయ్యి. బంతి వెనక్కి ఇవ్వాలంటే ఎడమ చేత్తో దొర్లించు.

ఆదివారం బోధన్ నుంచి పొద్దున బస్సుకే రా. పాత ఎక్స్‌రే ఏదైనా ఉంటే తీసుకురా. నొప్పి ఎన్నో బంతికి మొదలవుతుందో, ఏ రకం బంతికి ఎక్కువవుతుందో ఒక కాగితం మీద రాసుకొని రా. రోగి చరిత్ర రాయడం అక్కడి నుంచే నేర్చుకుంటావు.

ఇట్లు,
మీ మామ