మద్యము సేవించి వాహనము నడుపుట: మొదటి నేరమునకు శిక్ష యేమి?

"మొదటిసారి గదా, మందలించి వదలివేయుదురు" అను మాట మన యూళ్లలో తరచుగా వినబడుచుండును. పెండ్లివిందునుండి తిరిగివచ్చువారును, సంతనాడు కల్లుపాక కడ ఆగినవారును, పగటి పని ముగించి సీసా తెరచిన లారీ డ్రైవరులును ఈ మాటనే నమ్ముకొని వాహనము నెక్కుచున్నారు. ఈ నమ్మకము సరియైనది కాదు. మన దేశపు చట్టము మొదటి నేరమునకే కారాగారమును, జరిమానాను, లైసెన్సు కోల్పోవుటను నిర్ణయించినది. అట్లు నిర్ణయించుటకు కారణమేమి, ఆ శిక్ష ఎట్లు అమలగును, దాని భారము కుటుంబముపై ఎట్లు పడును అను విషయములను ఈ పాఠములో తెలిసికొందము.

1. చట్టము ఏమి చెప్పుచున్నది?

1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 1989 జూలై 1వ తేదీనుండి అమలులో ఉన్నది. అందలి 185వ సెక్షను ఈ నేరమును గూర్చినది. వాహనము నడుపువాని రక్తములో, ప్రతి 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉన్నట్లు పరీక్షలో తేలినచో అది నేరము. మత్తుమందుల ప్రభావమున వాహనమును అదుపులో ఉంచజాలని స్థితిలో నడుపుటయు అట్టి నేరమే.

ఇందు రెండు సంగతులు గమనింపదగినవి. మొదటిది, నడుపుట మాత్రమే కాక, నడుపుటకు యత్నించుట కూడ నేరమే. రెండవది, కారునకు, లారీకి మాత్రమే ఈ నియమమని తలపరాదు. స్కూటరు, మోటారు సైకిలు, ఆటో రిక్షా, ట్రాక్టరు మున్నగునవన్నియు మోటారు వాహనములే. తూలి పడిపోవునంతగా త్రాగియుండవలెనని చట్టము చెప్పలేదు. "నేను స్పృహలోనే ఉన్నాను, నా మాట తడబడలేదు" అని వాదించుట వలన ప్రయోజనము లేదు. చట్టము కొలుచునది మాటను కాదు, రక్తమును.

2. ముప్పది మిల్లీగ్రాములు ఎంత త్రాగిన వచ్చును?

సాధారణముగా దుకాణములలో అమ్ము విస్కీ, బ్రాందీలలో నూటికి సుమారు 43 పాళ్లు ఆల్కహాలు ఉండును. 60 మిల్లీలీటర్ల పెద్ద పెగ్గులో సుమారు 20 గ్రాముల ఆల్కహాలు చేరియుండును. 60 కిలోల బరువు గల పురుషుడు పరగడుపున ఆ ఒక్క పెగ్గు త్రాగినను, రక్తములో 100 మిల్లీలీటర్లకు 40 నుండి 50 మిల్లీగ్రాముల వరకు ఆల్కహాలు చేరవచ్చును. అనగా ఒక్క పెగ్గుతోనే చట్టపు హద్దు దాటిపోవచ్చును. అదే బరువు గల స్త్రీ శరీరములో ఈ పరిమాణము ఇంకను హెచ్చుగా ఉండును. బీరైనను, తాటికల్లైనను, ఈతకల్లైనను రక్తములో చేరునది ఆ ఆల్కహాలే. కనుక "కల్లు మందు కాదు గదా" అని సమాధానపడరాదు.

చేరిన ఆల్కహాలును హరించు పని ప్రధానముగా కాలేయమునది. అది తన వేగముననే పనిచేయును గాని మన తొందరను బట్టి పనిచేయదు. గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల వంతున మాత్రమే ఆల్కహాలు తగ్గును. మజ్జిగ, నిమ్మరసము, కాఫీ, చన్నీటి స్నానము ఈ వేగమును పెంచజాలవు. నిద్ర కూడ పెంచజాలదు.

ఒక లెక్క చూడుడు. ఆ 60 కిలోల మనుష్యుడే రాత్రి 10 గంటలకు ప్రారంభించి 180 మిల్లీలీటర్ల క్వార్టరు సీసాను ముగించెననుకొందము. అతని రక్తములో చేరగల ఆల్కహాలు 100 మిల్లీలీటర్లకు సుమారు 150 మిల్లీగ్రాములు. తెల్లవారుజామున 5 గంటలకు, అనగా 7 గంటల కాలములో, సుమారు 105 మిల్లీగ్రాములు తగ్గును. ఇంకను 45 మిల్లీగ్రాములు మిగిలియుండును. నిద్ర లేచి, ముఖము కడుగుకొని, మొదటి ట్రిప్పునకు బయలుదేరు డ్రైవరు తనకు తెలియకయే నేరము చేయుచున్నాడు. మనిషిని బట్టి ఈ అంకెలు కొంత మారును గాని, రాత్రి త్రాగినది ఉదయమునకు పోయినదని నమ్ముట మాత్రము ప్రమాదకరము.

ఆల్కహాలు మొట్టమొదట హరించునది వివేకమును. పిమ్మట చూపు, చేతికాళ్ల చురుకు మందగించును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు వాహనము ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు సాగును. బ్రేకు తొక్కుటలో అర సెకను ఆలస్యమైనను, బండి ఇంకొక 8 మీటర్లు ముందుకు పోవును. రోడ్డు దాటుచున్న బిడ్డకు ఆ 8 మీటర్లే ప్రాణము.

3. పరీక్ష ఎట్లు జరుగును?

యూనిఫారము ధరించిన పోలీసు అధికారి గాని, మోటారు వాహనముల శాఖ అధికారి గాని, అనుమానించుటకు తగిన కారణమున్నచో శ్వాసపరీక్షకు నోట ఊదుమని కోరవచ్చును. యంత్రము ఆల్కహాలు ఉన్నదని చూపినప్పుడు, వారంటు లేకయే నిర్బంధించు అధికారము పోలీసు అధికారికి కలదు. తరువాత రక్తపరీక్షకు నమూనా తీసికొనవచ్చును. పరీక్షకు నిరాకరించినచో తప్పించుకొనవచ్చునని కొందరు భావింతురు. తగిన కారణము లేక నిరాకరించుటనే అతనికి ప్రతికూలమైన నిదర్శనముగా గ్రహింపవచ్చునని చట్టము చెప్పుచున్నది.

పౌరునికి రక్షణలు కూడ ఇందు కలవు. నిర్బంధింపబడిన వ్యక్తిని రెండు గంటలలోపల రిజిస్టర్డు వైద్యునిచే పరీక్ష చేయింపవలెను. అట్లు చేయింపనిచో విడిచిపెట్టవలెను. ఇది జామీను పొందదగిన నేరము.

4. మొదటి నేరమునకు శిక్ష

చట్టము పుట్టిన నాటినుండి 2019వ సంవత్సరము వరకు మొదటి నేరమునకు జరిమానా 2,000 రూపాయలకు మించకుండెను. 2019 సెప్టెంబరు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన సవరణ దీనిని మార్చినది. ఇప్పటి శిక్షలు ఇవి:

మొదటి నేరమునకు: ఆరు నెలల వరకు కారాగారము, లేక 10,000 రూపాయల జరిమానా, లేక రెండును.

రెండవ నేరమునకును, ఆ పిమ్మటి నేరములకును: రెండేండ్ల వరకు కారాగారము, లేక 15,000 రూపాయల జరిమానా, లేక రెండును.

హెల్మెటు లేనందులకు రోడ్డుపైననే సొమ్ము చెల్లించి రసీదు పొందినట్లు ఈ నేరమును అక్కడికక్కడ పరిష్కరించుకొనుటకు వీలులేదు. న్యాయస్థానమునకు పోయి మేజిస్ట్రేటు ఎదుట నిలువవలసినదే. శిక్ష విధించువాడు మేజిస్ట్రేటు. "ఎంతో కొంత ఇచ్చి ఇక్కడనే ముగించుకొందును" అనువాడు మొదటి నేరమునకు లంచమను రెండవ నేరమును చేర్చుకొనుచున్నాడు.

త్రాగియున్నాడని యెరిగియు నడుపుమని పురికొల్పినవారిని కూడ చట్టము విడువలేదు. నేరమునకు ప్రోత్సహించినవారికి ఆ నేరమునకు గల శిక్షయే పడును. తాళపుచెవి చేతికిచ్చు మిత్రుడును, "సరుకు తెల్లవారులోగా చేరవలెను" అని తొందరపెట్టు యజమానియు ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనవలెను.

5. జరిమానా కంటె పెద్ద శిక్ష

పదివేల రూపాయలు అప్పు చేసియైనను చెల్లింపవచ్చును. లైసెన్సు పోయినచో అప్పు దొరకునది కాదు. 185వ సెక్షను క్రింద నేరము రుజువైనప్పుడు, న్యాయస్థానము నేరస్థుని వాహనము నడుపుటకు అనర్హునిగా ప్రకటింపవలెననియు, ఆ కాలము ఆరు నెలలకు తక్కువ కారాదనియు చట్టము నిర్దేశించినది. ఇది మొదటి నేరమునకును వర్తించును. ఇంతేగాక, పోలీసు అధికారి లైసెన్సును స్వాధీనము చేసికొని లైసెన్సు నిచ్చు అధికారికి పంపవచ్చును. ఆ అధికారి విచారించి మొదటి నేరమునకు మూడు నెలలు అనర్హత విధింపవచ్చును. మరల అట్టి నేరము చేసినచో లైసెన్సును రద్దుపరుపవచ్చును.

ఆటో నడిపి కుటుంబమును పోషించువానికి దీని అర్థమేమి? ఆరు నెలలు బండి ఇంటి ముంగిట నిలిచియుండును. కాని బండిపై తీసికొన్న అప్పు వాయిదా నిలువదు, పిల్లల బడి ఫీజు నిలువదు. త్రాగి నడిపినప్పుడు స్వంత వాహనమునకు కలిగిన నష్టమును సాధారణ భీమా పాలసీలు చెల్లింపవు. ఒక్క సాయంకాలపు సరదాకు ఇల్లంతయు వెల చెల్లింపవలసి వచ్చును.

6. ప్రాణనష్టము జరిగినచో

ఇంతవరకు చెప్పినది ఎవ్వరికిని దెబ్బ తగులనప్పటి మాట. ప్రాణము పోయినచో చట్టము మరింత కఠినమగును. 2024 జూలై 1వ తేదీనుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత ప్రకారము, నిర్లక్ష్యముచే మరణము కలిగించినవానికి ఐదేండ్ల వరకు కారాగారమును, జరిమానాయు విధింపవచ్చును. త్రాగి నడిపినవాడు ప్రాణహాని కలుగునని తెలిసియు నడిపెనని న్యాయస్థానము నిర్ణయించినచో, నేరము ఇంకను పెద్దదగును. 2006వ సంవత్సరమున ముంబయి నగరములో కార్టరు రోడ్డు ప్రక్క నిద్రించుచున్న కూలీలపైకి కారు ఎక్కి ఏడుగురు మరణించిరి. కారు నడిపినవానికి పడిన మూడేండ్ల శిక్షను సుప్రీం కోర్టు 2012లో స్థిరపరచినది. అతనికి నేరము చేయు ఉద్దేశము లేకపోవచ్చును. కాని పోయిన ఏడుగురిలో ఒక్కరికిని రెండవ అవకాశము లేదు. చట్టము మొదటి నేరమునకే కఠినముగా ఉండుటకు కారణమిదియే: మొదటి తప్పే కడపటి తప్పు కాగలదు.

7. మనము చేయవలసినది

త్రాగుదునని తెలిసినచో బండి ఇంటివద్దనే విడిచి బయలుదేరుడు. ఈ నిర్ణయము త్రాగకముందే చేసికొనవలెను. త్రాగిన పిమ్మట నిర్ణయించు వివేకము మిగులదు. విందు చేయువారు అతిథులు పోవుటకు ఆటోనో, త్రాగని డ్రైవరునో ముందుగా ఏర్పాటు చేయవలెను. తాళపుచెవి తీసి దాచిన భార్యపై కోపపడరాదు. ఆమె జైలునుండి భర్తను, మృత్యువునుండి పరుల బిడ్డలను కాపాడుచున్నది. మానవలెనని తలచియు మానలేనివారికి అది దుర్గుణము కాదు, చికిత్స గల వ్యాధి. ప్రభుత్వ ఆసుపత్రి వైద్యుని సంప్రదింపవచ్చును. వ్యసన విముక్తికై 14446 అను ఉచిత టెలిఫోను నంబరుకు మాటాడవచ్చును.

ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. రాత్రి త్రాగినవాడు ఉదయమున వాహనము నడుపుట ఏల నేరము కావచ్చును?
2. మొదటి నేరమునకు న్యాయస్థానము ఎంత కాలము అనర్హత విధింపవలెను?
3. శ్వాసపరీక్షకు నిరాకరించినచో ఏమగును?
4. త్రాగినవానికి తాళపుచెవి ఇచ్చి నడుపుమని పురికొల్పినవాని బాధ్యత యేమి?
5. మీ ఇంట జరుగబోవు విందుకు వచ్చినవారు క్షేమముగా ఇల్లు చేరుటకు మీరు ఏమి ఏర్పాటు చేయుదురు?