సరిహద్దున జవాను, ఊరిలో సంసారము

పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెమునకు సమీపమున మాధవరమను గ్రామము కలదు. రెండు ప్రపంచ యుద్ధములలోను ఆ ఊరివారు సైనికులుగా పోరాడిరి. నేటికిని అచ్చటి యువకులు సైన్యములో చేరుచునే ఉన్నారు. ప్రజలు ఆ గ్రామమును ‘మిలిటరీ మాధవరము’ అని పిలుచుటలో వింత లేదు. అంతటి పేరు పొందకపోయినను, ఒకరిద్దరు జవానులను దేశరక్షణకు పంపిన గ్రామములు తెలుగునాట అనేకము. మీ పంచాయతీలోను అట్టి ఇల్లు ఉండవచ్చును. ఆ ఇంటిపట్ల పంచాయతీకి గల బాధ్యత ఏమో ఈ పాఠమున విచారింతము.

జవానుకు సాధారణముగా ఏడాదికి 60 దినముల వార్షిక సెలవు, 30 దినముల ఆకస్మిక సెలవు లభించును. అదియు సైనికావసరములకు లోబడియే. సెలవంతయు దొరికినను, ఏడాదిలో తొమ్మిది నెలలు అతడు ఊరిలో ఉండడు. కుటుంబమును వెంట ఉంచుకొనుటకు వీలున్న చోట కొంతకాలము పనిచేసినను, సరిహద్దునకు పంపినపుడు భార్యాబిడ్డలు ఊరికి చేరవలసినదే. బిడ్డకు జ్వరము వచ్చినను, అత్తగారు మంచమెక్కినను, పొలమునకు కాలువనీరు అందకున్నను, కౌలుదారు గింజలు కొలువకున్నను చూచుకొనవలసినది ఆ ఇల్లాలే. ఇట్టి కుటుంబమునకు పంచాయతీ చేయదగిన పనులు ముఖ్యముగా మూడు కలవు.

మొదటిది, కాగితముల పని. ఒక జవాను సెలవులో వచ్చి వివాహమాడి, నమోదు సంగతి తరువాత చూతమని వెడలిపోయెననుకొందము. బిడ్డ పుట్టినపుడును అటులే జరిగినది. సైనిక రికార్డులలో భార్య పేరు గాని, బిడ్డ పేరు గాని చేరలేదు. విధివశమున అతనికేమైనను జరిగినచో, కుటుంబ పింఛనుకొరకు ఆ ఇల్లాలు తాను అతని భార్యననియు, ఆ బిడ్డ అతని బిడ్డయేననియు రుజువు చేసికొనుచు కచేరీలచుట్టు తిరుగవలసి వచ్చును. దుఃఖములోనున్న మనిషికి ఇంతకుమించిన కష్టము ఏమున్నది? 1969 నాటి జనన మరణముల నమోదు చట్టము ప్రకారము జననమును 21 దినములలో తెలుపవలెను. జవాను ఇంట పెండ్లి జరిగినను, బిడ్డ పుట్టినను, ఆ ఇంటివారు అడుగువరకు ఆగక, నమోదు చేయించి ధ్రువపత్రము చేతికిచ్చుట వార్డు సభ్యుని పనిగా భావింపవలెను. ఆ పత్రము దళ కార్యాలయమునకు చేరినపుడే జవాను సేవాపత్రములలో ఆ పేర్లు ఎక్కును.

రెండవది, భూమి రక్షణ. యజమాని దూరమున ఉన్నాడని గట్టు జరుపువారు, దారి మూయువారు ప్రతి ఊరను ఉందురు. 1925 నాటి భారత సైనికుల వ్యాజ్యముల చట్టము ఇట్టివారికి కొంత రక్షణ కల్పించినది. యుద్ధ పరిస్థితులలోగాని, చట్టము పేర్కొనిన ఇతర ప్రత్యేక పరిస్థితులలోగాని పనిచేయుచున్న సైనికుడు సివిలు, రెవెన్యూ కోర్టులకు హాజరు కాలేనపుడు, ఆ సంగతిని కలెక్టరు కోర్టునకు ధ్రువపరుపవచ్చును. అప్పుడు విచారణను నిలుపుటకు చట్టమున ఏర్పాటు కలదు. ఇది ప్రతి దావాకును వర్తించునని అనుకొనరాదు. కాని నోటీసు వచ్చిన దినముననే ఆ కుటుంబమును జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమునకు పంపుట మనవలన కానిపని కాదు. గట్టు తగాదా కోర్టుకెక్కకముందే పెద్దలు ఇరువురిని కూర్చుండబెట్టి తీర్చగలిగిన, అంతకంటె మేలు లేదు.

మూడవది, బిడ్డల పెంపకము. తండ్రి సెలవులో వచ్చునప్పటికి చంటిబిడ్డ అతనిని గుర్తింపక ఏడ్చుట కద్దు. ఆ కొరతను మనము తీర్చలేము. కాని బడిలో ఆ పిల్లల హాజరును, చదువును ఉపాధ్యాయులతోపాటు మనమును కనిపెట్టి ఉండవచ్చును. విజయనగరము చెంత కోరుకొండలో 1962లో స్థాపింపబడిన సైనిక పాఠశాలవంటి విద్యాలయములలో రక్షణోద్యోగుల బిడ్డలకు కొన్ని స్థానములు కేటాయింపబడియున్నవి. ఈ సంగతి తెలియక అవకాశము జారవిడుచుకొను తల్లులు ఉండవచ్చును.

ఇంకొక మాట. 2022లో ఆరంభమైన అగ్నిపథ్ పథకము క్రింద చేరిన అగ్నివీరులు నాలుగేండ్ల సేవాకాలమున వివాహమాడరాదు. కనుక వారి ఇండ్లలో మన అండ కావలసినది వృద్ధులైన తలిదండ్రులకు. ఇక స్త్రీలును సైన్యమున సేవ చేయుచున్నారు. అధికారులతో సమానముగా ప్రసూతి, శిశు సంరక్షణ సెలవులను ఇతర శ్రేణుల స్త్రీలకును వర్తింపజేయుటకు 2023లో రక్షణశాఖ ఆమోదించినది. అట్టి తల్లి విధులకు మరలినపుడు, బిడ్డను పెంచు అమ్మమ్మకో నాయనమ్మకో ఊరి తోడు అవసరము.

జెండా పండుగనాడు జవాను తండ్రిని వేదికపైకి పిలిచి పూలమాల వేయుదుము. అది తగిన గౌరవమే. కాని మాల వాడిన మరునాడు ఆ ఇంటి గడప త్రొక్కినవారెందరు? రానున్న గ్రామసభనాటికి మీ ఊరి సైనిక కుటుంబముల జాబితా వ్రాసికొనుడు. ఒక్కొక్క ఇంటికి ఒక సభ్యుడు నెలకొకమారు వెళ్ళి, కుశలమడిగి రావలెనని తీర్మానింపుడు. దీనికి నిధులు అక్కరలేదు. ఇల్లు నిశ్చింతగా ఉన్నదని తెలిసిన జవాను కావలి నిబ్బరముగా కాయగలడు.